పసుపు కింద పెచ్చు

నేను చెప్పే మాటల్లో సగం కోసేసి మిగతా సగం వినడం మా వాళ్ళందరికీ అలవాటు. వాళ్ళను అనడానికి లేదు. కాకినాడ ఉప్పుటేరులో జారిపోయిన నా చెప్పును మొసలి నోట కరుచుకొచ్చి ఒడ్డున పెట్టిందని చెప్పినవాణ్ణి నేనే. రెండోది కూడా తెమ్మని దాన్ని కసిరి పంపించానని చెప్పినవాణ్ణీ నేనే. కానీ ఇప్పుడు రాస్తున్నదాన్ని మాత్రం ఏమీ కోయకుండా చదవండి. ఇందులో నా కల్పన లేదు. వేరేవాళ్ళ కల్పన ఒకటి ఉంది. అది వచ్చినచోట వేలుపెట్టి చూపిస్తాను.

మన ఇళ్ళల్లో ఎవరికైనా ముక్కు పక్కనో మూతి దగ్గరో ఎర్రగా పొక్కు లేచి, చితికి, దాని మీద బెల్లంపాకం ఆరినట్టు పచ్చటి పెచ్చు కట్టిందనుకోండి. మనవాళ్ళు దానికి వేరే పేరు పెడతారు. ఆ పేరు పెట్టాక ఇక మందు మాట ఎత్తనివ్వరు. మా ఇంట్లో అలా పేరు పెట్టినందుకు ఒక నాలుగేళ్ళ పిల్లకు కన్ను పోయేంత పని అయింది. అందుకని రాస్తున్నాను. నా కడుపుమంట కూడా ఇందులో ఉంది, దాచను.

బీచ్‌కి వెళ్ళిన ఆదివారం

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు తెలియక తలకిందులైపోతాయని లోకమంతా కంగారుపడుతున్న కాలం. కుర్రాళ్ళెవరూ నేర్చుకోని పాత కంప్యూటర్ భాష కోబాల్ నాకు వచ్చు. దాంతో నలభై ఏడేళ్ళ వయసులో, జుట్టు సగం ఊడాక, నన్ను పెళ్ళికొడుకులా సింగపూర్ తీసుకొచ్చారు. మా ఆవిడ పిల్లల చదువుల కోసం కాకినాడలో ఉండిపోయింది. నేను పాసిర్ రిస్‌లో మా మేనకోడలు సుజాత ఫ్లాట్‌లో ఒక గదిలో దిగాను. సుజాత మా అక్క కూతురు, నా భుజాల మీద పెరిగిన పిల్ల. దాని భర్త రవి, నేను పనిచేసే బ్యాంకు ప్రాజెక్టులోనే నాకు పై మెట్టులో ఉండేవాడు. వాళ్ళ కూతురు పింకీకి నాలుగేళ్ళు. ఆ ఇంట్లో నా కథల్ని కోయకుండా పూర్తిగా వినేది అదొక్కతే.

ఆ వేసవిలో రవి వాళ్ళమ్మ, అంటే మా వియ్యపురాలు, కొడుకు దగ్గర కొన్నాళ్ళు ఉండి వెళదామని గుంటూరు నుంచి వచ్చింది. ఆవిడ నాకంటే పెద్దది. నేను అక్కయ్య గారూ అనేవాణ్ణి, ఆవిడ నన్ను తమ్ముడు గారూ అనేది. అంతవరకు మర్యాదలకు లోటు లేదు.

జూన్ చివర్లో ఒక ఆదివారం సాయంత్రం పింకీని బీచ్‌కి తీసుకెళ్ళాను. పాసిర్ రిస్ బీచ్‌లో కంటికి ఆనని ఇసుక ఈగలు ఉంటాయి. కుట్టినప్పుడు తెలియదు, ఇంటికొచ్చాక తెలుస్తుంది. నాకు కాళ్ళు, మెడ, గడ్డం అంతా ఎర్రటి దద్దుర్లు లేచాయి. పింకీకి నిండా బట్టలు వేసి, మాటిమాటికి విసనకర్రలా పేపరు ఊపుతూ కూర్చున్నాను కాబట్టి దానికి ఒక్కటీ కుట్టలేదు. నేను మాత్రం గోళ్ళతో తెగ గీరుకున్నాను. గీరుకున్న గోళ్ళతోనే ముక్కు నలుపుకున్నాను. అంతా అక్కడే మొదలైందని తర్వాత డాక్టరమ్మ చెప్పింది.

ఆ శుక్రవారం

వారం మధ్యకి ముక్కు కుడిపక్కన చిన్న ఎర్రమచ్చ లేచింది. మర్నాడు అది నీటిపొక్కు అయింది. పలచటి పొక్కు, ఊదితే పగిలేట్టుంది. మొహం తుడుచుకుంటే తువ్వాలుకే పగిలింది. అందులోంచి తేమ కారుతూనే ఉంది. ఆరినచోట పచ్చగా, కాస్త మెరుస్తూ, తేనె పూసి ఆరబెట్టినట్టు పెచ్చు కట్టింది. నొప్పి పెద్దగా లేదు. దురద మాత్రం ప్రాణం తీసింది. పెచ్చు ఊడితే కింద ఎర్రగా, తడిగా ఉండేది. చెయ్యి తగిలిన చోటల్లా కొత్తది లేచేది. పెదవి చివర ఒకటి, గడ్డం మీద రెండు. జ్వరం లేదు. ఆకలి బ్రహ్మాండంగా ఉంది. ఇవి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

శుక్రవారం పొద్దున్న కాఫీకి వంటింట్లోకి వెళ్ళాను. వియ్యపురాలు నా మొహం చూసి గరిటె అక్కడే పెట్టి చెంపలు వేసుకుంది.

"అమ్మవారు పోసిందర్రా!"

సుజాత, రవి, పింకీ పరుగెత్తుకొచ్చారు.

"అమ్మవారు కాదండీ అక్కయ్య గారూ. నాకు జ్వరం లేదు. వీపు మీద లేదు, పొట్ట మీద లేదు. మూతి చుట్టూ మాత్రమే పోస్తుందా ఎక్కడైనా?"

"ఎక్కడ పోయాలో ఆవిడకి మీరు చెప్తారా?"

"అది కాదండీ, నాకు చిన్నప్పుడే పోసింది. ఒకసారి పోస్తే మళ్ళీ పొయ్యదు కదా. ఇదిగో నుదుటి మీద మచ్చ."

ఇక్కడే నా కొంప మునిగింది. నాకు ఏడేళ్ళప్పుడు అమ్మవారు పోసిన మాట నిజం. కానీ ఆ నిజాన్ని నేను ఎన్నడూ నిజంలా చెప్పలేదు. అమ్మవారు నా మంచం కోళ్ళ దగ్గర కూర్చుని మజ్జిగ అడిగిందని, ఇద్దరం అష్టాచెమ్మా ఆడామని, ఓడిపోయిన ఉక్రోషంతో గవ్వ విసిరి వెళ్ళిపోయిందని, ఆ గవ్వ తగిలిన గుర్తే నుదుటి మీద గుంట అని పింకీకి చెప్పేవాణ్ణి. అన్నం తినని ప్రతిపూటా చెప్పేవాణ్ణి.

పింకీ నా లుంగీ పట్టుకుని గుంజి, తన సింగపూర్ ఇంగ్లీషులో అరిచింది. "నో లా తాతా! దట్ వన్ గవ్వ మార్క్. యూ సే వన్!"

రవి పడీపడీ నవ్వాడు. "మావయ్య గారూ, మీ సాక్షే అడ్డం తిరిగిందండీ. ఇంక కేసు కొట్టేశారు."

అందరూ నవ్వారు. సుజాత కూడా నవ్వింది. మా అక్క బతికుంటే ఆ మచ్చ సంగతి చెప్పేది, ఆ మంచం పక్కన వేపకొమ్మతో విసిరినది అదే. అది పోయి చాలా ఏళ్ళయింది.

"పోనీ ఒకసారి కింద క్లినిక్‌లో చూపించి వస్తాను," అన్నాను.

"అమ్మవారు ఇంట్లో ఉండగా సూదులూ మాత్రలా? అమ్మ కన్నెర్రజేస్తే పసిపిల్ల ఉన్న ఇల్లు!" అని వియ్యపురాలు పింకీని తన వెనక్కి లాక్కుంది. పసిపిల్ల పేరు చెప్పాక రవి ఇంకేం మాట్లాడతాడు? "అమ్మ చెప్పింది విందాం మావయ్య గారూ, పోయేదేముంది," అన్నాడు.

అమ్మవారు ఎండాకాలంలో కదా వచ్చేది అని కూడా వాదించబోయాను. సింగపూర్‌లో ఏడాది పొడుగునా ఎండాకాలమే అని నాకే గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

అమ్మవారు ఇంట్లో ఉన్న రోజులు

పోపు చప్పుడు ఆగిపోయింది. గడ్డం గీసుకోవద్దన్నారు. గడప దాటొద్దన్నారు. ఇంట్లో ఎవరు తుమ్మినా నా వంకే చూశారు. రవి ఆఫీసుకి ఫోన్ చేసి, మావయ్యకి నడుం పట్టేసిందని చెప్పాడు. జీవితంలో మొదటిసారి అబద్ధం ఆడినట్టున్నాడు, గొంతు వణికింది. అయినా అవతలివాళ్ళు వెంటనే నమ్మి, పాపం విశ్రాంతి తీసుకోమనండి, వచ్చేటప్పుడు ఎంసీ తెమ్మనండి అన్నారు. డాక్టర్ కాగితం లేనిదే ఈ ఊళ్ళో ఒంట్లో బాగాలేకపోవడం కుదరదు. అమ్మవారు వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళడం కుదరదు. ఈ రెండింటి మధ్య నేను మంచం మీద కూర్చున్నాను.

నన్ను క్లినిక్‌కి తీసుకెళ్ళే తీరిక లేని రవికి, ఆఫీసు నుంచి వస్తూ టేకా మార్కెట్లో దిగి వేపరొట్ట తెచ్చే తీరిక మాత్రం దొరికింది. వియ్యపురాలు వేపాకు, పసుపు కలిపి మెత్తగా నూరి, ఒక ఇత్తడి గిన్నెలో పెట్టుకుని పొద్దున, సాయంత్రం నా మొహానికి తన వేళ్ళతో పూసేది. ఆవిడ చెయ్యి మెత్తనిది, అబద్ధమెందుకు. పూసేటప్పుడు పళ్ళ మధ్య ఏదో స్తోత్రం సన్నగా గొణిగేది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. అంత ప్రేమగా నన్నెవరూ ముట్టుకుని చాలాకాలమైంది.

పసుపు ఆరాక అద్దంలో చూసుకుంటే మొహమంతా పచ్చగా ఉండేది. పెచ్చు ఏదో పసుపు ఏదో తెలిసేది కాదు. అదీ ఇందులో దగా. ఈ జబ్బును గుర్తుపట్టడానికి ఉన్న ఒకే ఒక్క రంగును తెచ్చి దాని మీదే పూస్తాం మనం. కింద అది తడితడిగా పాకుతూనే ఉంది.

రెండోరోజో మూడోరోజో, నాకు పూయడం అయ్యాక గిన్నెలో కొంచెం మిగిలింది. వియ్యపురాలు పింకీని ఒళ్ళోకి తీసుకుని, అదే వేళ్ళతో దాని నుదుటి మీద బొట్టు పెట్టి, రెండు బుగ్గలకీ రాసింది. "అమ్మ చల్లగా చూడాలి తల్లీ," అంది.

నేను మంచం మీంచి లేచిపోయాను. "అక్కయ్య గారూ, ఆ గిన్నెలోది పిల్లకి పెట్టకండి. మీ చెయ్యి నా పుండు మీంచి వచ్చింది. కావాలంటే వేరే నూరుకోండి."

ఆవిడ నన్ను నిజంగా జాలిగా చూసింది. "అమ్మవారి పసుపుకి అంటు ఏమిటండీ తమ్ముడు గారూ? తప్పు, తప్పు. లెంపలు వేసుకోండి."

వేసుకోలేదు. వేసుకున్నా ఒకటే, వేసుకోకపోయినా ఒకటే. ఆ తర్వాత రోజూ నాకు పూసిన చేత్తోనే దానికీ పెట్టింది. పొద్దున నాకు పూయడానికి వచ్చే ముందు పిల్లకు పెట్టమని అడిగాను. ముందు రోగి, తర్వాత ప్రసాదం అంది.

మా ఆవిడకి ఫోన్ చేశాను.

"మూతంతా పొక్కులు లేచాయే. వీళ్ళు అమ్మవారంటున్నారు. ఇది అంటుకునే రోగం అనిపిస్తోంది. పిల్లకు అంటిస్తారేమోనని భయంగా ఉంది."

"మొన్న సింగపూర్లో వాన కింద నుంచి పైకి కురిసిందన్నారు."

"అది వేరు."

"ఫోన్ కార్డు అయిపోతోందండీ. అసలు విషయం చెప్పండి."

"ఇదే అసలు విషయం."

"ఊఁ," అంది. కార్డు అయిపోయింది.

పింకీ కనుబొమ్మ

జూలైలో పడ్డాక ఒక పొద్దున్న పింకీ ఎడమ కనుబొమ్మ మీద చిన్న పొక్కు కనిపించింది. నా ముక్కు పక్కన లేచినదానికి తోబుట్టువు. సాయంత్రానికి చితికింది. నేను సుజాతను పక్కకి పిలిచి చూపించాను. అది ఆఫీసు నుంచి అప్పుడే వచ్చి బ్యాగ్ కూడా దించలేదు.

"అమ్మలూ, నా మాట విను. ఇది అమ్మవారు కాదు. దీన్ని డాక్టర్‌కి చూపించు. నాకు వద్దు, దీనికి చూపించు."

సుజాత పెదవి కొరుక్కుంది. "అత్తయ్య గారు నిన్ననే మొక్కుకున్నారు మావయ్యా. ఇప్పుడు నేను క్లినిక్ అంటే ఇంట్లో పెద్ద గొడవ అవుతుంది. శనివారం చూద్దాంలే. ఇద్దరికీ టెస్టింగ్ ఉంది, లీవ్ దొరకదు."

వియ్యపురాలు మాత్రం పొంగిపోయింది. "చూశారా, నేను చెప్పలా? ఇంటిల్లిపాదినీ పలకరిస్తోంది తల్లి." మరుక్షణం పింకీ కనుబొమ్మ మీద కూడా పసుపు పడింది.

శనివారం దాకా ఆగలేదు అది. గురువారం పొద్దున సుజాత, రవి ఆఫీసుకి వెళ్ళాక పింకీ లేచి ఏడవడం మొదలుపెట్టింది. ఒళ్ళు కాలిపోతోంది. ఎడమ కంటి రెప్ప ఉబ్బి, ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా ఉంది. సగం మూసుకుపోయింది. "తాతా, ఐ స్టక్," అంది. కన్ను అతుక్కుపోయిందట. వేలుతో తెరవబోతే కెవ్వుమంది.

సుజాతకి ఫోన్ చేశాను, మీటింగ్‌లో ఉందన్నారు. రవికి చేశాను. "జ్వరం ఉంటేనే కదా మావయ్య గారూ అమ్మవారు. మీరే అన్నారు జ్వరం ఉండాలని. అమ్మ చూసుకుంటుంది," అన్నాడు. నా వాదన నా మీదికే తిరిగొచ్చింది.

నేను పిల్లను భుజాన వేసుకుని చెప్పులు వేసుకున్నాను. వియ్యపురాలు తలుపుకి అడ్డంగా నిలబడింది.

"గడప దాటించకండి తమ్ముడు గారూ. పిల్లకి ఏమైనా అయితే మీదే పూచీ!"

"నాదే," అన్నాను. పక్కనుంచి దూరి లిఫ్ట్ దగ్గరికి నడిచాను.

క్లినిక్

మా బ్లాకుకి ఎదురు బ్లాకు కింద ఉంది ఆ క్లినిక్. పెరిగిన గడ్డం, పచ్చటి మొహం, లుంగీ, భుజాన ఇంకో పచ్చటి మొహం. లోపల అడుగుపెట్టగానే ఒక కుర్రజంట లేచి అవతలి బెంచీకి వెళ్ళింది. ఆ తర్వాత ఒకాయన ఫోన్ వచ్చినట్టు బయటికి నడిచాడు, ఫోన్ మోగలేదు. మా చుట్టూ కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీ కుర్చీలు చూస్తుంటే నాకు సిగ్గు వెయ్యలేదు, ఒళ్ళు మండింది. వీళ్ళకున్న బుద్ధి మా ఇంట్లో ఒక్కరికి ఉంటే ఇక్కడ కూర్చునే పని లేదు కదా అనిపించింది.

తలకు గుడ్డ కట్టుకున్న ఒక మలయ్ పెద్దావిడ మాత్రం కదల్లేదు. తన చేతిలో పత్రిక మడతపెట్టి పింకీకి విసురుతూ కూర్చుంది. "పాపం, సో హాట్ ఆహ్," అంది. ఆ పాపం అన్న మాట ఏ తమిళ పక్కింటావిడ దగ్గర నేర్చుకుందో. మా వంతు కాకపోయినా, తన నంబరు చీటీ నాకిచ్చి నా చీటీ తీసుకుంది. ఆవిడ పేరైనా అడగలేదు నేను.

డాక్టరు తెల్లజుట్టు చైనీస్ ఆవిడ. మమ్మల్నిద్దర్నీ కళ్ళజోడు పైనుంచి చూసింది.

"అంకుల్, హూ పుట్ కర్రీ పౌడర్?"

చెప్పాను. ఆవిడ నవ్వలేదు. సింకు దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కుని, తడిపిన దూదితో ముందు పింకీ కనుబొమ్మ మీద పసుపును నెమ్మదిగా నానబెట్టి తుడిచింది. పసుపు పోయాక కింద అసలు రంగు కనిపించింది. తేనెరంగు పెచ్చు. దాని అంచున కొత్తగా చిన్న పొక్కులు. తర్వాత మళ్ళీ చేతులు కడుక్కుని నా మొహం తుడిచింది. అదే పెచ్చు, ఇంకా మందంగా.

"యూ ఫస్ట్, ఆర్ గర్ల్ ఫస్ట్?"

"నేనే ఫస్ట్."

"సేమ్ టవల్?"

"సేమ్ పసుపు. సేమ్ హ్యాండ్."

ఆవిడ తలూపింది. ఇది చర్మం మీద బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బని, గీరుకున్నచోట, ఈగ కుట్టినచోట లోపలికి దూరుతుందని, పొక్కు, తేమ, తేనెరంగు పెచ్చు వరసగా వస్తే దాదాపు ఇదేనని, పిల్లలకి మామూలుగా వచ్చేదేనని చెప్పింది. ముట్టుకుంటే అంటుతుంది. తువ్వాలుతో, దిండుతో, వేళ్ళతో అంటుతుంది. మొదట్లో వచ్చి ఉంటే మందుతో తగ్గిపోయేది అంది. నాకు చిన్నప్పుడే అమ్మవారు పోసిందని చెబితే నుదుటి మచ్చ చూసి "యెస్, చికెన్‌పాక్స్ స్కార్," అంది. అంతే. ఒక్క ప్రశ్న వెయ్యలేదు, నవ్వలేదు. నన్ను ఎవరైనా నమ్మడం అలవాటు లేక రెండోసారి కూడా చెప్పాను. "యెస్ అంకుల్, ఐ హియర్డ్ యూ," అంది.

అప్పుడు పింకీ కంటి మీదికి వంగింది. ఈసారి ఆవిడ మొహంలో ఆ మామూలుదనం పోయింది. నాకు మాత్రలు, పూతమందు, ఎంసీ రాసి, పింకీకి మాత్రం ఉత్తరం రాసి చేతిలో పెట్టింది. ఇంటికి వెళ్ళొద్దు, సూటిగా ఆసుపత్రికి వెళ్ళమంది. వాపు రెప్పలో ఆగితే సరే. కంటి వెనక్కి పాకితే చూపు మీదికి వస్తుందని చెప్పింది.

పింకీ ఏడుపు మధ్యలో కళ్ళప్పగించి ఆవిడనే చూస్తోంది, అంటే ఒక కన్నే. "వై యూ వాష్ సో మెనీ టైమ్?" అని అడిగింది.

"వాష్ ఫస్ట్, టచ్ లేటర్," అంది డాక్టరమ్మ. "యూ రిమెంబర్ ఫర్ మీ, కెన్?"

"కెన్," అని ఒప్పుకుంది పింకీ, ముక్కు ఎగబీల్చి.

ఆసుపత్రి

పింకీ చేతికి సూది గుచ్చి సెలైన్‌లోంచి మందు ఎక్కించారు. నన్ను లోపల ఉండనివ్వలేదు, నా మొహం మీద ఇంకా తడి ఉంది కాబట్టి. అది న్యాయమే. నేను వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాను.

సుజాత, రవి పరుగెత్తుకుంటూ వచ్చారు. సుజాత నన్ను దాటుకుని లోపలికి వెళ్ళిపోయింది. రవి డాక్టర్లతో మాట్లాడి బయటికి వచ్చాడు. మనిషి తెల్లగా పాలిపోయి ఉన్నాడు.

"అంటురోగమట."

"నేను అదే చెప్పాను రవీ."

"మీ నుంచే వచ్చిందట."

"నా నుంచే వచ్చింది. మీ అమ్మగారి చేతి మీదుగా వచ్చింది. అదే గిన్నె, అదే పసుపు. వద్దని మొత్తుకున్నాను."

"మా అమ్మనంటారేంటండీ!" అన్నాడు. గొంతు పెద్దదైంది, నర్సు తలెత్తి చూసింది. "భక్తితో చేసింది ఆవిడ. మీరు ఆ బీచ్‌కీ వాటికీ తిరిగి రోగం తెచ్చి పెట్టి, పైగా మా అమ్మనంటారా? గట్టిగా చెప్పాల్సింది. అన్నీ జోకుల్లా చెప్తే ఎవడికి తెలుస్తుంది?"

సుజాత గుమ్మంలో నిలబడి వింటోంది. నేను దానివైపు చూశాను. ఒక్క మాట, మావయ్య నాకు చెప్పాడు, నేనే శనివారం అన్నాను, అన్న ఒక్క మాట కోసం చూశాను. అది పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుని లోపలికి తిరిగింది.

ఆ రెండుమూడు రోజులూ నేను వరండాలోనే గడిపాను. లోపలినుంచి పింకీ గొంతు వినిపించేది. "తాతా స్టోరీ. క్రోకడైల్ స్టోరీ." రవి సమాధానం కూడా వినిపించేది. "తాతయ్యకి ఒంట్లో బాలేదమ్మా." కన్ను ఏమవుతుందో తెలియని ఆ రోజుల్లో నేను పెట్టుకున్న మొక్కు ఒకటే, ఎవరికి పెట్టుకున్నానో తెలియదు: ఆ కన్ను తెరుచుకుంటే చాలు, నా మాట ఎవరూ నమ్మకపోయినా ఫర్వాలేదు. రెండూ తీరాయి.

కన్ను తెరుచుకుంది. ముందు సన్నటి గీతలా, తర్వాత పూర్తిగా. చూపుకేం కాలేదన్నారు. సుజాత అద్దం తలుపులోంచి నాకు చేత్తో సైగ చేసింది. నేను వరండాలో ఎవరూ లేనిచోటు చూసుకుని ఏడ్చాను.

ఆగస్టు

నా పెచ్చులు మందు మొదలుపెట్టిన వారంలోనే రాలిపోయాయి. మచ్చ కూడా మిగల్లేదు. చూపించుకోవడానికి ఏమీ లేకుండా పోయింది.

ఇంటికొచ్చాక వియ్యపురాలు మొక్కు తీర్చుకుంది. చలిమిడి, పెరుగన్నం, వేపమండలు. తెలుగువాళ్ళను ఇద్దరు ముగ్గుర్ని పిలిచి జరిగింది చెప్పింది. ముందు చూపిస్తానన్న కల్పన ఇదే, చూడండి: "అమ్మవారు చల్లగా వచ్చి చల్లగా పోయేదే. ఆయన పిల్లని గడప దాటించాడు. దాటించగానే తల్లికి కోపమొచ్చి కన్ను వాచింది. నేను ఇక్కడ పట్టుపట్టి కూర్చుని మొక్కుకున్నాను, కన్నిచ్చింది."

కన్ను వాచింది కాబట్టి నేను గడప దాటాను. దాటినందుకు వాచలేదు. ఏది ముందో ఏది వెనకో మార్చేస్తే చాలు, ఎంత అందమైన కథ అవుతుందో! ఇన్నేళ్ళుగా మొసళ్ళను, గవ్వలను పోగేసుకుని తిప్పలు పడ్డ నాకు ఇంత చిన్న కిటుకు తట్టలేదు. విన్నవాళ్ళు చేతులు జోడించారు.

ఆ వారం చివర రవి నా గది గుమ్మంలోకి వచ్చి, "కొన్నాళ్ళు వేరేచోట చూసుకుంటే బాగుంటుందేమో మావయ్య గారూ. అమ్మ ఉన్నన్నాళ్ళే," అన్నాడు. తాంపినీస్‌లో ఒక తమిళ కుటుంబం ఇంట్లో గది దొరికింది. సుజాత లిఫ్ట్ దాకా నా పెట్టె మోసుకొచ్చింది. లిఫ్ట్ వచ్చేలోగా చెప్పింది.

"నువ్వు చెప్పింది నిజమేనని నాకు తెలుసు మావయ్యా."

"తెలిస్తే ఆ మాట లోపల చెప్పమ్మా."

అది నేల వైపు చూసింది. లిఫ్ట్ వచ్చింది. వియ్యపురాలు గుంటూరు వెళ్ళిపోయాక కూడా నన్ను తిరిగి రమ్మని ఎవరూ అనలేదు.

ఈ మే నెలలో

రెండువేల సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లకి ఏమీ కాలేదు. పింకీ పుట్టినరోజుకి నన్ను పిలిచారు. వియ్యపురాలు మళ్ళీ వచ్చి ఉంది. హాలు నిండా తెలుగువాళ్ళు, పిల్లలు. కనుబొమ్మ దగ్గర వెంట్రుకలు కాస్త పలచగా ఉన్నాయి తప్ప పింకీ కన్ను నిగనిగలాడుతోంది. వచ్చి నా పక్కనే కూర్చుంది.

వియ్యపురాలు కథ మొదలుపెట్టింది. ఈ ఏడాదిలో అది బాగా పెరిగింది. ఇప్పుడు అమ్మవారు ఆవిడ కల్లోకి కూడా వచ్చింది, ఎర్రచీర కట్టుకుని, పాసిర్ రిస్ స్టేషన్ దగ్గర నిలబడి దారి అడిగింది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. కథల విషయంలో నాకు ఈర్ష్య కలిగించిన మనిషి ఆవిడొక్కతే. నేను కేకు ముక్క పట్టుకుని మూల కుర్చీలో కూర్చుని విన్నాను. లేచి కాదంటే ఏమవుతుందో నాకు తెలుసు: మావయ్య గారు మొదలెట్టారర్రా అని నవ్వుతారు.

చెబుతూ చెబుతూనే ఆవిడ పసుపు కుంకుమ గిన్నె తీసుకుని పిల్లలకి బొట్టు పెట్టుకుంటూ వస్తోంది. ఎవరింటి పిల్లాడో, పింకీకి ముందు నిలబడ్డాడు. వాడి ముక్కు కింద చూశాను. తేనెరంగు. ఆవిడ వాడి మొహమంతా నిమిరి, మూతి తుడిచి, బొట్టు పెట్టి, అదే వేలు గిన్నెలో ముంచి పింకీ వైపు తిరిగింది. నేను సగం లేచాను. నోరు తెరిచాను.

పింకీ రెండు చేతులూ నుదుటికి అడ్డం పెట్టుకుంది.

"నాయనమ్మా, వాష్ ఫస్ట్, టచ్ లేటర్ లా."

హాలంతా గొల్లుమంది. "అచ్చం తాత పోలికే," అన్నాడు రవి. సుజాత నవ్వలేదు. ఆ పిల్లాడి తల్లిని మోచేత్తో పొడిచి, వాడి ముక్కు వైపు చూపించింది.

వియ్యపురాలి వేలు గాలిలోనే ఆగింది. పిల్లాడి మూతి చూసింది, తన వేలు చూసుకుంది, పింకీ కనుబొమ్మ చూసింది. నా వైపు మాత్రం చూడలేదు. గిన్నె బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళింది. వంటింట్లో కుళాయి చప్పుడు వినిపించింది, చాలాసేపు.

తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుని, కథ ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచే ఎత్తుకుంది.